మెట్లకింద

తెర మీద ఫైళ్ళు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. బాబాయ్ వాటిని చెత్తబుట్టలోంచి వెనక్కి లాగుతున్నాడు. లాగినవి లాగినట్టే మళ్ళీ పోతున్నాయి.

అవి కళ్ళద్దాల కొలతలు. దుకాణాల నుంచి క్లౌడ్‌లోకి చేరతాయి. కింద హాల్లో వాటి ప్రకారమే అద్దాలు అరగదీస్తారు. కొలత లేనిదే యంత్రం తిరగదు. కింద చప్పుడు అప్పుడే ఆగిపోయింది.

ఇక్కడి కంప్యూటర్లన్నీ చూసుకునే ఆ సన్నటి మనిషిని ఓనరు నుంచి ఆయమ్మ దాకా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. కొంచెం వంగిన నడుము, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు. కంటి ఆపరేషన్‌కి సెలవు మీద వెళ్ళి ఈ ఉదయమే తిరిగొచ్చాడు. ఉద్యోగంలో ఈరోజే ఆఖరు.

"ఎవరు బాబాయ్ చేస్తున్నది?" ఓనరు కుర్చీ వెనక నుంచి వంగి చూశాడు.

ఏ ఫైలు ఎవరు చెరిపారో క్లౌడ్ చెబుతుంది. బాబాయ్ అది తెరిచి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ప్రతి వరసలోనూ తన పేరే ఉంది. కంప్యూటర్ పేరు: మెట్లకింద.

ఏ కంప్యూటర్ ఎక్కడుంటే ఆ చోటే దానికి పేరు పెట్టడం అతని పద్ధతి. కిటికీపక్క, గల్లాపెట్టె, మెట్లకింద. పేరు వినగానే కాళ్ళు అటే నడవాలంటాడు.

నడిచాయి. మెట్ల కింద కంప్యూటర్ లేదు! దుమ్ములో నలుచదరపు మచ్చ, పైన మేకుకి అతను రాసి తగిలించిన అట్టముక్క మాత్రం ఉన్నాయి: 'ఆపవద్దు'.

"లేని కంప్యూటర్ ఎలా చెరుపుతుంది?" అన్నాడు బాబాయ్, గోడనే అడుగుతున్నట్టు.

"అదే నేనూ అడుగుతున్నా. వెళ్ళే రోజున ఇదేంటి బాబాయ్? అక్కడున్న పేరు మీదే మరి."

మెత్తగానే అన్నాడు. కానీ మెట్ల దగ్గర గుమిగూడిన పనివాళ్ళందరికీ వినబడింది. ఇన్నేళ్ళ పనిలో బాబాయ్ వెనకేసుకున్నది ఆ పేరొక్కటే.

పరుగున వెళ్ళి పాస్‌వర్డ్ మార్చాడు. ఫైళ్ళు పోతూనే ఉన్నాయి. బుర్ర పనిచేయలేదు. కాసేపటికి తను అందరికీ చెప్పే మాటే గుర్తొచ్చింది: పాస్‌వర్డ్ మారిస్తే తాళం మారుతుంది, లోపల కూర్చున్నవాడు మాత్రం లేవడు. ముందు అన్ని కంప్యూటర్ల నుంచీ తన ఖాతాని బయటికి పంపాలి. పంపాడు.

ఫైళ్ళు నిలబడ్డాయి. కింద యంత్రాలు గుర్రుమన్నాయి. అప్పుడే ఓనరు ఫోన్ మోగింది. కంగారులో స్పీకరు నొక్కుకుపోయింది. వాళ్ళమ్మ గొంతు.

"ఒరే నాన్నా! నువ్వు పంపిన కంప్యూటర్ నన్ను చంపుతోందిరా. ఫోటోలు పెట్టుకుందామంటే దాన్నిండా అంకెల చెత్త. తీసేకొద్దీ వస్తోంది, బొద్దింకల్లాగా! ఇప్పుడేమో పాస్‌వర్డ్ కావాలట. మీ బాబాయ్‌ని కాస్త అడుగు."

ఓనరు ఫోన్ ఆపేసి, తలుపు దగ్గర నిలబడ్డ ఆయమ్మ వైపు తిరిగాడు.

"మెట్ల కింద కంప్యూటర్‌ని తుడిచి మా ఇంటికి పంపమన్నానా లేదా?"

"తుడిచే పంపాను సార్. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. అద్దంలా మెరిసింది."

"ఆ తుడవడం కాదమ్మా! లోపలున్నదంతా తుడిచి!"

"లోపల తుడవాలంటే విప్పాలి కదా సార్. స్క్రూడ్రైవరు బాబాయ్ జేబులో ఉంది. బాబాయ్ ఆస్పత్రిలో ఉన్నాడు."

బాబాయ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికెళ్ళిన కంప్యూటర్లో తన ఖాతా తెరిచే ఉంది; పొద్దున్నుంచీ తను ఫైళ్ళు తెస్తున్నాడు, ఓనరు వాళ్ళమ్మ తోసేస్తోంది.

"ఈ సంగతి మనలోనే ఉండనీ," అన్నాడు ఓనరు. పనివాళ్ళతో ఏదో సాంకేతిక లోపమని చెప్పేశాడు. వాళ్ళు తలూపారు. కానీ ఆ రోజంతా ఎవరూ బాబాయ్ కళ్ళలోకి చూడలేదు.

సాయంత్రం బాబాయ్ స్క్రూడ్రైవరు టేబుల్ మీద పెట్టాడు. తీసి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. టిఫిన్ డబ్బా పట్టుకుని హాల్లోకి దిగాడు. ఓనరు వెనకే వచ్చాడు.

"వెళ్ళొస్తానయ్యా," అన్నాడు బాబాయ్.

అద్దాల మేస్త్రి తల ఎత్తకుండానే అడిగాడు. "ఇంతకీ ఆ ఫైళ్ళు చెరిపిందెవరు సార్?"

యంత్రాలు ఒక్కొక్కటే ఆగాయి. బాబాయ్ గుమ్మంలో నిలబడిపోయాడు, వెనక్కి తిరగకుండా. ఓనరు అతని వీపు వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మ!" అన్నాడు గట్టిగా.

హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు ఆగేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

మెట్ల కింద, ఏమీ లేని చోటికి కాపలాగా, 'ఆపవద్దు' అన్న అట్టముక్క ఇంకా చిన్నగా ఊగుతోంది.