పొట్టు బొగ్గు, గ్రాఫైటు

కోయిలకుంట్ల నుంచి బస్తాల్లో తెచ్చుకున్న వేరుశనగ పొట్టును గ్రాఫైటుగా మార్చాలని స్తుతి కడపలో పరిశోధన మొదలుపెట్టి మూడో ఏడు నడుస్తోంది. గ్రాఫైటులో కార్బన్ పరమాణువులు పేకముక్కల కట్టలా పొరలు పొరలుగా సర్దుకుని ఉంటాయి. పొట్టు బొగ్గులో ఆ పొరలే నలిపి పారేసిన కాగితాల్లా గజిబిజిగా ఉంటాయి. గట్టిగా కాలిస్తే అవే సాపు అవుతాయని ఆమె గైడు హర్షవర్ధన్ నమ్మకం.

తమ కొలిమి వేడి చాలక, బొగ్గును మూడు వేల డిగ్రీల దాకా కాల్చే బెంగళూరు ప్రయోగశాలకు పంపారు. నెలల తరబడి ఎదురుచూశాక తిరిగొచ్చింది. ఎక్స్-రే పరీక్షలో గ్రాఫైటుకు సూదిమొనలాంటి గీత లేవాలి. స్తుతికి తెరమీద కనిపించింది వెడల్పాటి బోడిగుట్ట. మునుపటికన్నా పిసరంత సన్నబడింది, అంతే.

ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

"ఇంగొకసారి పంపుదామమ్మా. వేడి చాల్లేదు," అన్నాడు హర్షవర్ధన్.

"ఎంత కాల్చినా ఇంతే సార్. గ్రాఫైటు చేసే తారైతే కాలేటప్పుడు మెత్తబడతాది, పొరలు సర్దుకుంటాయి. పొట్టు మెత్తబడకుండానే బిగుసుకుపోతాది. పోయినేడే చెప్పినా గదా! తక్కువ వేడికే పొరలు సర్దుకునేట్టు ఇనుప లవణం కలిపి చూస్తానంటే వద్దంటిరి."

"ఇనుము కలిపితే ప్యూర్ కార్బన్ యాడుంటాది? రివ్యూలో ఏం చెప్పుకోవల్ల?"

"ఇప్పుడు మాత్రం ఏం చెప్పుకుంటాండాం సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ ఇష్టం," అని లేచి వెళ్ళిపోయాడు.

స్తుతి పొట్టును ఇనుప లవణం నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, తమ కొలిమిలోనే కాల్చింది. మధ్యలో కరెంటు పోయి సరుకంతా పాడైతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. చివరికి ఇనుమును యాసిడ్‌తో కడిగి పరీక్షకు పెడితే, గుట్ట నడుమ సన్నటి గీత లేచింది. ఇనుము తగిలినచోట పొరలు సర్దుకున్నాయి. తక్కినదంతా పాత గజిబిజే.

హర్షవర్ధన్ తెరమీదికి వంగి చూశాడు. "సగం గూడా గ్రాఫైటు కాలేదే!"

"కాలేదు సార్. అయినకాడికే రాస్తా. ఈ పొట్టుకు వేడి ఒక్కటే చాలదని గూడా రాస్తా."

"నా పేరుండే పేపర్లోనా?"

"దాంట్లోనే సార్."

ఆయన మొహం గంటుపెట్టుకున్నాడు. అయినా, "రాయి. ముందు నాకు చూపించు," అన్నాడు.

గెలిచానన్న సంతోషమేమీ కలగలేదు స్తుతికి. పోయినేడే ఆయన సరేనని ఉంటే ఇప్పటికి ఎంత పని అయ్యేదో అనుకుంటూ, ఇంకో బస్తా మూతి విప్పింది.