ఎర్ర దారం సీసా

చొక్కాల ఫ్యాక్టరీలో తల్లులు పైన కుట్టుమిషన్ల మీద కూర్చునేలోగా, కింద పసిపిల్లల గదిలో ఆయా చేయాల్సిన పనులు ఇవి. చాపలు దులపాలి. ఉయ్యాల గుడ్డలు మార్చాలి. సీసాలు మరిగించి, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం చుట్టాలి. తల్లులు పిండి తెచ్చిన తమ పాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎర్ర దారం సీసాలో మాత్రం తల్లిపాలు తప్ప మరో చుక్క పడకూడదు.

ఎర్ర దారం పిల్లికూనది. చొక్కాలకు కాజాలు కుట్టే అమ్మాయి కూతురు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఛాతీలో పిల్లికూతలు వినబడేవని ఆయా పెట్టిన ముద్దుపేరు అది. అందరూ జలుబనుకున్నారు. ఆవిరి పట్టారు, మందులు పోశారు. చివరికి డాక్టరు ఆవుపాలు పడటం లేదని తేల్చాడు. మానేశాక కూతలు ఆగి, పిల్ల కాస్త ఒళ్లు చేసింది.

"పిల్లికి పాలు పడకపోవడమేంటి పిన్నీ, కలికాలం కాకపోతే!" అని కాలర్లు కుట్టే ఆవిడ ఆయాను నవ్వించేది. ఆవిడకూ చంటిబిడ్డ ఉన్నాడు.

ఆ గదిలో ఒక అలవాటుంది. ఒక బిడ్డకు పాలు చాలకపోతే పక్క బిడ్డ సీసాలోంచి పోస్తారు. ఎవరూ వంతులు చూసుకోరు.

ఆ రోజు అర్జెంటు ఆర్డరు వచ్చిపడింది. పాలివ్వడానికి కిందికి వెళ్తానంటే సూపర్‌వైజరు కాజాల అమ్మాయిని కదలనివ్వలేదు. ఎర్ర దారం సీసా ఖాళీ అయింది. పిల్ల ఏడ్చి ఏడ్చి వెక్కిళ్లు పెడుతోంది. ఆయా పైకి వెళ్లి కాలర్ల ఆవిడను అడిగింది.

"నీ సీసాలోవి నీ పాలేగా?"

చుట్టూ ఆడవాళ్లు తలలెత్తారు. ఆవిడ మాత్రం మిషన్ మీంచి చూపు తిప్పలేదు.

"నావి కాక ఇంకెవరివి పిన్నీ?"

ఎవరికోసమో ఆయా చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

ఆవిడ సీసాలోంచి పోసిన పాలు తాగిన కాసేపటికే పిల్ల పెదాలు ఉబ్బాయి. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పిల్లికూతలు మళ్లీ మొదలయ్యాయి. ఆయా భుజాన వేసుకుని వీపు నిమిరింది. ఇంతలో కూతలు ఆగిపోయాయి. హమ్మయ్య, తగ్గిందనుకుంది. మొహం చూద్దామని తల పక్కకు తిప్పేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి.

చెప్పుల్లేకుండా ఆసుపత్రికి పరుగెత్తింది. వెనకే తల్లి, చీర కుచ్చిళ్లకు దారప్పోగులు అంటుకుని. వెళ్లేసరికే ఆలస్యమైపోయింది.

తర్వాత కాలర్ల ఆవిడ వచ్చి గది గడపలో కూలబడింది. సగం ఆవుపాలేనంది. తన దగ్గర పాలు తగ్గిపోయాయంటే ఇంట్లో దెప్పుతారని, ఇక్కడ నవ్వుతారని కలిపి తెచ్చేదట.

ఆయా ఆవిణ్ణి తిట్టలేదు. "ఎవరికని నేనూ చెప్పలేదుగా" అంది.

కాజాల అమ్మాయి మళ్లీ పనిలోకి రాలేదు. ఆయా ఇప్పటికీ సీసాలకు దారాలు కడుతుంది, ఎర్రది తప్ప.

చంటిబిడ్డకు ప్రేమతోనే పాలు పట్టేవాళ్లు, పాలు చాలని తల్లిని చూసి నవ్వేవాళ్లు, ఒక్కసారి ఆగి పిల్లికూనను గుర్తు చేసుకోండి.