సత్యలింగం పేరు దంచిన రోకలి

చండ్రకర్ర రోకలిని నేను. యానాంలో ఒక వడ్రంగి నన్ను చెక్కి, అడుగున ఇనప పొన్ను తొడిగాడు. నూకరత్నం అత్తగారి చేతిలో పదేళ్ళు, ఆ తరవాత నూకరత్నం చేతిలో నలభై అయిదేళ్ళు మిరపకాయలు దంచాను. ఫ్రెంచి మాత్రం ముసలితనంలో పట్టుబడింది.

నూకరత్నం పెనిమిటి ఫ్రెంచి సైన్యంలో చేరి, ఎక్కడో దూరదేశపు యుద్ధంలో పోయాడు. ఈ ఏడు స్తూపం దగ్గర అమరుల పేర్లు ఇంటివాళ్ళే ఫ్రెంచిలో చదవాలని సైనికుల సంఘం తీర్మానించింది. చదవలేనివాళ్ళ బదులు కార్యదర్శి చదివేస్తాడట.

"మా ఇంటాయన పేరు ఆడి నోట పడనిస్తానేటండీ?" అంటూ నూకరత్నం, అరవై దాటాక నేర్చిన అక్షరాలతో, ఫ్రెంచి చెప్పే డేవిడ్ మాస్టారి ముందు కూర్చుంది.

మాస్టారు చదవాల్సిందంతా తెలుగు అక్షరాల్లో కాగితం మీద రాసిచ్చి, రేపుబ్లిక్, అంటే మన రిపబ్లిక్, అన్న మాటను ముక్కలు చేశారు. రే, పు, బ్లిక్. "బరువు చివరి ముక్క మీదమ్మా!" ఆవిడ మొదటి ముక్కను బాది, మిగతా రెండూ మింగేసేది. వారం తిరిగేసరికి మాస్టారి గొంతు పోయింది గానీ బరువు చోటు మారలేదు. ఎనిమిదో రోజున నన్ను ఎత్తి, మిరపకాయలు దంచుతూ చదివింది. రే అంటే లేచాను, పు అంటే ఇంకా పైకి, బ్లిక్ అంటే రోట్లో పడ్డాను.

"అదీ!" అని అరిచి మాస్టారు తుమ్మారు. డిప్లొమా ఆయనది, పాఠం నాది.

కాగితం చివర నేను గాల్లోనే ఆగిపోయాను. అక్కడుంది ఆయన పేరు.

"చదవండమ్మా."

"ఆయన పేరు నేనెలా అంటానండీ? తప్పు కాదూ!"

"పోయి నలభై ఏళ్ళయింది కదమ్మా."

"పోతే మాత్రం? మొగుడు కాకుండా పోతాడేటి?"

మాస్టారు తల గోక్కున్నారు. "పోనీ, పేరు అనకండి. నాలుగు ముక్కలనండి. సత్, య, లిం, గం."

నూకరత్నం ఒక్కొక్క ముక్కనీ నోట్లో వేసుకుని చూసింది. "వీటిల్లో ఆయన లేడు లెండి" అంది ధైర్యంగా. మనుషుల కట్టుబాట్లలో ఇంత సన్నటి సందు ఉంటుందని నాకూ తెలీదు.

పేర్లు చదివే రోజున స్తూపం దగ్గరి మైకు మా పెరట్లోకి వినిపించింది. రేపుబ్లిక్ బ్రహ్మాండంగా పడింది. తరవాత ఆయన పేరు దగ్గరికొచ్చి ఆగింది. కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. అంతలో ముక్కలన్నీ ఏకమై ఒక్క ఊపిరిలో వచ్చేశాయి: "సత్యలింగం!" బరువు ఏ ముక్క మీదా లేదు.

ఇంటికొచ్చి నూకరత్నం అన్నం వడ్డించుకుంది. వీధి తలుపుకేసి చూసి మళ్ళీ పిలిచింది, ఈసారి గట్టిగా.

"సత్యలింగం! ఒరే సత్యలింగం, అన్నం చల్లారిపోతోంది!"

అనేసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని కొత్త పెళ్ళికూతురిలా నవ్వింది.