రెండో రీలు

“రీలు కెమెరాతోనే తీయాలన్నా,” అంది మల్లీశ్వరి.

తిప్పేష్ చేతిలోని డిజిటల్ కెమెరాను కిందికి దించాడు. బత్తలపల్లె బస్టాండు దగ్గరున్న అతని స్టూడియోకు అది వచ్చి నెల కూడా కాలేదు. దాన్ని వద్దన్నవాళ్ళు ఇంతవరకు లేరు.

“ఏమమ్మా, దీంతో అయితే ఇప్పుడు తీస్తే ఇప్పుడే చేతికిస్తా. రీలంటే ధర్మవరం ల్యాబుకు పోవల్ల, కడిగిచ్చుకోని రావల్ల. సాయంత్రమైతాది.”

“సాయంత్రం దాకా యాడుండేది?” సుంకన్న వీధిలోకి తొంగిచూశాడు. జీపు చప్పుడు వినబడినప్పుడల్లా అతను అలాగే చూస్తున్నాడు. “మల్లీ, మీ అన్న వెదుకుతాండాడు. దీంతోనే తీసుకోని పోదాం పా.”

“వద్దు. లాయరమ్మ చెప్పింది వింటివి గదా?”

సుంకన్న మోటార్లకు వైండింగు చేసే మెకానిక్కు. మల్లీశ్వరిది కంబదూరు దగ్గర పల్లె. కులాలు వేరు. ఆమె అన్న ఆంజనేయులు వేరే సంబంధం ఖాయం చేస్తున్నాడని తెలిసి ఇద్దరూ ఊరు దాటి, బత్తలపల్లెలో సుంకన్న పిన్నమ్మ కృపాకుమారి ఇంటికి చేరారు. ఆ రోజే ఆంజనేయులు చెల్లెల్ని బలవంతంగా ఎత్తుకుపోయారని కంబదూరు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాడు. తల్లి ఆంజినమ్మ చేత దాని మీద వేలిముద్ర వేయించాడు.

అనంతపురంలో వాళ్ళు కలిసిన లాయరు భారతి ఒకటే మాట చెప్పింది. “పదిమంది ముందర తాళి కట్టించుకోండి. ఫోటోలతో రేపు పొద్దున స్టేషన్‌కు రండి, నేనొస్తా. నెగటివ్‌లు మర్చిపోవద్దు. మొన్నొక జంట కంప్యూటర్ ఫోటోలు తెస్తే మొగాలు అతికించినారని తోసేసినారు. పిల్లను వాళ్ళ ఇంటోళ్ళు లాక్కోనిపోయినారు.”

“ఇద్దరం మేజర్లమే మల్లీ. నువ్వే చెప్తే నమ్మరా?” అన్నాడు సుంకన్న.

“బెదిరిచ్చి చెప్పిచ్చినావంటారు. లోపలికి పోయేది నువ్వు.” ఆమె తిప్పేష్ వైపు తిరిగింది. “రీలే అన్నా.”

తిప్పేష్ బీరువా మీదున్న పాత కెమెరా దించి, మూత తెరిచి రీలు ఎక్కించాడు. ఇంకో రీలు సంచిలో వేసుకున్నాడు.

పెళ్ళి ఊరి బయట చౌడమ్మ గుడిలో. చుట్టూ వానలేక వాడిపోయిన వేరుశనగ చేలు. రోడ్డు మీద దూరం నుంచి వచ్చే ప్రతి బండీ దుమ్ముతో కనబడుతుంది. లాయరమ్మ చెప్పిన పదిమంది దొరకలేదు. కృపాకుమారి, పూజారి, పక్క చేలో కలుపు తీస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు, అంతే. పసుపు కొమ్ము కట్టిన తాడు సుంకన్న చేతికిచ్చి పూజారి మంత్రం మొదలుపెట్టాడు. తాడు ముడివేస్తుంటే ఫ్లాష్ వెలిగింది. తలంబ్రాలప్పుడు మళ్ళీ వెలిగింది.

కృపాకుమారి రోడ్డు వైపు చూసి, “వచ్చినారు,” అంది.

జీపు గుడి మెట్ల దాకా వచ్చి ఆగింది. ఆంజనేయులు దూకాడు. వెంట వచ్చిన ఇద్దరు సుంకన్న చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. జీపు వెనక సీట్లో ఆంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కూతురి కాళ్ళు పట్టుకునైనా వెనక్కి తెస్తుందని కొడుకు ఆమెను వెంట తెచ్చాడు. ఆమె దిగలేదు.

“ఇంటి మానం తీసి ఈడ ఫోటోలు దిగుతాండావా?” ఆంజనేయులు తిప్పేష్ చేతిలోంచి కెమెరా లాక్కున్నాడు. మూత తెరిచి రీలు పట్టి లాగాడు. అది చరచరమని బయటికి వచ్చి ఎండలో మెరిసి, మెట్ల మీద చుట్టలు చుట్టలుగా పడింది. “ఇప్పుడు చూపియ్యి పోలీసోళ్ళకు!”

కెమెరాను కింద పడేశాడు.

తిప్పేష్ వంగి కెమెరా తీసుకుని మూత రెండుసార్లు మూసి చూశాడు. అది విరగలేదు.

మల్లీశ్వరి అతని సంచి వైపు చూసింది. “తిప్పేషన్నా, ఇంకో రీలుండాది గదా?”

“నాకు బిడ్డలుండారమ్మా,” అన్నాడు తిప్పేష్ మెల్లగా.

ఆమె అతన్నే చూస్తూ నిలబడింది. తిప్పేష్ ఆమె మెడలోని పసుపు తాడు చూశాడు. మెట్ల మీద ఎండ తగిలి పాడైన రీలు చూశాడు. సంచిలో చెయ్యి పెట్టాడు.

“ఎక్కిస్తివా, రేపటికి నీ స్టూడియో ఉండదు,” అన్నాడు ఆంజనేయులు.

తిప్పేష్ కెమెరా మూత తెరిచాడు. రీలు కొస చక్రానికి తగులుకోక జారిపోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. ఆంజనేయులు మళ్ళీ లాక్కోబోతే కృపాకుమారి అడ్డం వచ్చింది. మూడోసారి తగులుకుంది. తిప్పేష్ మూత మూసి, “తాళి కట్టే ఫోటో లేకపోతే ఏమీ లేనట్లేనమ్మా,” అన్నాడు.

మల్లీశ్వరి సుంకన్న ముందుకు నడిచింది. జడ పక్కకు తీసి, రెండు చేతులూ మెడ వెనక ముడి మీదికి పోనిచ్చింది. “ముడి ఇప్పుతా. మళ్ళా కట్టు.”

కృపాకుమారి చప్పున చేత్తో నోరు మూసుకుంది. పూజారి “అమ్మా, తప్పు!” అన్నాడు. ఆమె వేళ్ళు ముడిని వెతుకుతూనే ఉన్నాయి.

“ఇప్పొద్దే!”

ఆ కేక జీపులోంచి వచ్చింది. ఆంజినమ్మ దిగి, చెప్పులు కూడా లేకుండా మెట్లెక్కి వచ్చి కూతురి చేతుల్ని ముడి మీదే అదిమి పట్టుకుంది. “కట్టిన తాడు ఇప్పుతారా ఎవురైనా? ఏం బుద్ధే నీకు?” కోపంతో ఊగిపోతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. సుంకన్నను పట్టుకున్న వాళ్ళవైపు తిరిగింది. “వదలండ్రా వాణ్ణి.”

వాళ్ళు ఆంజనేయులు మొహం చూశారు.

“నేను చెప్తాండానా లేదా?”

వదిలారు. సుంకన్న వచ్చి ముడి మీద చేతులు పెట్టాడు. అతని చేతుల మీద ఆంజినమ్మ చెయ్యి అలాగే ఉంది. ఆమె తిప్పేష్ వైపు చూడకుండానే, “ఇట్లే తియ్యప్పా,” అంది.

ఫ్లాష్ వెలిగింది. తిప్పేష్ మీట తిప్పుతూ, తీస్తూ, మళ్ళీ తిప్పుతూ వెనక్కి నడిచి, తన మోపెడ్ ఎక్కి ధర్మవరం దారి పట్టాడు. ఆంజనేయులు జీపు తిప్పబోయాడు. తల్లి వచ్చి బండి ముందు నిలబడింది.

“పక్కకు రామ్మా.”

ఆమె కదలలేదు. మోపెడ్ దుమ్ము కనబడకుండా పోయాక జీపెక్కి వెనక సీట్లో కూర్చుంది. “ఇంటికి పోదాం పా,” అంది కొడుకుతో.

సాయంత్రం తిప్పేష్ కవరు తెచ్చి కృపాకుమారి ఇంట్లో ఇచ్చాడు. వెనక్కి నడుస్తూ తీయడంతో చాలా ఫోటోలు చెదిరిపోయాయి. ఒక్కటి మాత్రం స్పష్టంగా వచ్చింది.

మరునాడు పొద్దున స్టేషన్‌కు భారతి ముందే వచ్చి ఉంది. ఆంజనేయులు తల్లిని బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనే నిలబడి, వంగి ఆమె చెవిలో ఏదో చెబుతున్నాడు. కూతురి వైపు ఆమె తల తిప్పలేదు. ఆ తల్లి ఇప్పుడేమంటుందో మల్లీశ్వరికి తెలియదు.

ఎస్సై ఫోటో చూశాడు.

“ఇదంతా కంప్యూటర్‌లో అతికిచ్చింది సార్,” అన్నాడు ఆంజనేయులు.

మల్లీశ్వరి కవరులోంచి నెగటివ్ తీసి బల్ల మీద పెట్టింది. ఎస్సై దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఫోటో చూశాడు, మళ్ళీ నెగటివ్ చూశాడు. తర్వాత ఆంజినమ్మను పిలిచాడు.

“ఏమమ్మా, కూతుర్ని ఎత్తుకోనిపోయినారని వేలిముద్ర వేస్తివి. ఈ ఫోటోలో ముడి మీద చెయ్యి పెట్టింది ఎవురు?”

ఆంజినమ్మ ఫోటోను చాలాసేపు చూసింది. ఆంజనేయులు “అమ్మా” అన్నాడు. బెదిరింపు కంటే బతిమాలడమే ఎక్కువగా వినబడింది ఆ గొంతులో.

“నేనే సామీ,” అంది. “పిల్ల ఇష్టపడే చేసుకునింది. నేను చూసినా.”

ఎస్సై ఫిర్యాదు పక్కన పెట్టి, ఇష్టపడే పెళ్ళి చేసుకున్నట్టు కాగితం రాయించి మల్లీశ్వరి చేత సంతకం పెట్టించాడు. అదంతా అయ్యేలోగా బయట జీపు స్టార్టయిన చప్పుడు వినబడింది. ఆంజనేయులు తల్లిని వదిలేసి వెళ్ళిపోయాడు.

మల్లీశ్వరి, సుంకన్న ఆమెను బస్టాండు దాకా తీసుకువచ్చారు. బస్సు వచ్చాక మల్లీశ్వరి కవరులోంచి ఒక ఫోటో తీసి ఇవ్వబోయింది.

“నాకొద్దు,” అంది ఆంజినమ్మ. “వాడు చూస్తే చించుతాడు. నీ దగ్గరే పెట్టుకో.”

“అమ్మా, అన్న నిన్నేమన్నా అంటే?”

“అంటాడు. పడతా.” ఆమె మెట్టెక్కి, కడ్డీ పట్టుకుని, మొదటిసారి సుంకన్న వైపు నేరుగా చూసింది. “శ్రావణంలో తాడు మార్చి పుస్తె కట్టియ్యి. ఉత్త పసుపు కొమ్ముతో తిప్పొద్దు పిల్లను.”

సుంకన్న తలూపాడు. బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి వెనక్కి చూడలేదు.