పై పట్టా తీసేసిన మెషీన్

ఆ పొద్దున మా అన్నయ్యను కొట్టనందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. చేతిలో పానా కూడా ఉంది.

మా షెడ్డులో తయారయ్యేవి ఎస్కలేటర్లు. నాన్న మొదలుపెట్టిన పని. ఆయన పోయాక డిజైన్ నాది, వ్యాపారం అన్నయ్యది. కొత్త మోడల్ ఏది పూర్తయినా షెడ్డులోనే నిలబెట్టి నడిపి, బయటికి పంపేముందు అమ్మను ఎక్కిస్తాం. ఇది నాన్న పెట్టిన పద్ధతి. అమ్మకు ఎస్కలేటర్ అంటే చచ్చేంత భయం. "మీ అమ్మ ఎక్కి దిగిందంటే ఇంకెవరైనా ఎక్కొచ్చు" అనేవాడాయన. ఆమె ఆయన్ని తిట్టుకుంటూ ఎక్కేది, దిగాక ఇంకా గట్టిగా తిట్టేది. ఆ తిట్లు విన్నాకే నాన్న మెషీన్‌ను లారీ ఎక్కించేవాడు.

ఆ రోజు మెషీన్ ఒక ఆస్పత్రికి వెళ్లాలి. లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. అమ్మ తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి, ఫిట్టర్ బాబాయ్ వేసిన కుర్చీలో కూర్చుంది. నేను అలవాటు కొద్దీ పక్క రేకు ఊడదీసి లోపలికి తొంగి చూశాను. పైన వంపు దగ్గర ఉండాల్సిన ఇనప పట్టా లేదు. దాన్ని బిగించే బోల్టులకు కన్నాలు కూడా లేవు. అంటే ఎవరో మరిచిపోవడం కాదు, నా డ్రాయింగే మార్చేశారు. నా ఒళ్లు మండిపోయింది.

ఆ పట్టా సంగతి చెబితే గానీ నా మంట అర్థం కాదు. ఎస్కలేటర్‌లో ఒక్కో మెట్టూ ఒక చిన్న బండి. దానికి ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక కింద రెండు చిన్న చక్రాలు. పెద్ద వాటిని గొలుసు లాక్కుపోతుంది. చిన్నవి వేరే పట్టా మీద వెంట నడుస్తాయి. రెండు పట్టాలూ పక్కపక్కన కుదురుగా సాగినంతసేపూ మెట్టు పైభాగం బల్లపరుపుగా ఉంటుంది. కానీ మనిషి బరువంతా మెట్టు ముందంచు మీద, పెద్ద చక్రాల ఇరుసు దాటి పడిందనుకోండి, వెనక చిన్న చక్రాలు పైకి లేస్తాయి. మెట్టు ముందుకు ఒరుగుతుంది. అలా లేవకుండా వాటి నెత్తిన ఇంకో పట్టా ఉంటుంది. అదే పై పట్టా.

"ఎవరు తీయించారు?" అన్నాను.

ఫిట్టర్ బాబాయ్ నేల చూపులు చూశాడు. అన్నయ్య మాత్రం ఫోన్ లోంచి తల ఎత్తకుండానే, "నేనే. పొద్దున్నే మొదలెట్టకు" అన్నాడు.

"నాకు చెప్పకుండానా?"

"చెబితే ఒప్పుకుంటావా? ఆస్పత్రి వాళ్ల దగ్గర పైన జాగా లేదు. మెషీన్ పల్చగా కావాలన్నారు, చేసిచ్చాను. మనం పరీక్షలకు వాడే పాత మెషీన్ విప్పి చూశాను, ఆ పై పట్టా మీద చక్రం తగిలిన గీత కూడా లేదు. ఉత్త దండగ."

"ఆ పాత మెషీన్ మన షెడ్డు బయటికి వెళ్లిందా ఎప్పుడైనా? దాని మీద ఎక్కినవి ఇనప దిమ్మలు! మెట్టు మధ్యలో పెట్టిన చోటే పడుంటాయి. దిమ్మలకు దిగాలన్న కంగారు ఉంటుందా?"

"అన్ని పరీక్షలూ పాసైందమ్మా తల్లీ."

"దిమ్మలతో పాసైంది!"

నేను అరిచిన అరుపుకి గేటు దగ్గరి లారీ డ్రైవర్ కూడా లోపలికి వచ్చాడు. వస్తే రానీ అనుకున్నాను. ఆస్పత్రిలో ఎక్కేదెవరు? మోకాళ్ల నొప్పుల వాళ్లు, కళ్లు సరిగా కనపడని వాళ్లు, లోపల తమ మనిషి ఎలా ఉన్నాడోనని ఉరుకుతున్న వాళ్లు. పైన వంపు దగ్గర మెట్లు చదునవుతుంటే అందరూ చేసేది ఒకటే, ముందంచుకి జరిగి దూకడానికి సిద్ధంగా నిలబడతారు. మా అమ్మయితే మునివేళ్ల మీద నిలబడుతుంది. పై పట్టా లేనిది సరిగ్గా అక్కడే.

"అమ్మా, లే, టైమవుతోంది" అన్నాడు అన్నయ్య.

"ఆగు. ముందు నువ్వెక్కు" అన్నాను.

"ఎక్కకేం? భయమా నాకు?"

మోటారు వేయించాడు. కాలర్ సర్దుకుని, పెళ్లికొడుకు వేదిక ఎక్కినట్టు ఎక్కాడు. మెట్టుకి సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు. వంపు వచ్చింది. అక్కడ ఎవరైనా ముందుకు జరుగుతారు. మా అన్నయ్య వెనక్కి జరిగాడు. కొంచెమే జరిగాడు గానీ నాకు కనపడింది. దిగి, పక్కనున్న ఇనప నిచ్చెన మీదుగా కిందికి వచ్చి, "చూశావుగా!" అన్నాడు.

"చూశాను. మళ్లీ ఎక్కు. ఈసారి పైకి వెళ్లాక అమ్మ నిలబడే చోట నిలబడు. ముందంచు మీద, మునివేళ్ల మీద."

"సర్కస్ అనుకున్నావా?"

"ఎక్కు!"

అందరూ చూస్తున్నారు కాబట్టి ఎక్కాడు. ఈసారి రెండు చేతులతోనూ పక్క పట్టీ పట్టుకున్నాడు. వంపు దగ్గరికి వచ్చేసరికి వాడి కాళ్లు మెట్టు మధ్యలోనే అతుక్కుపోయాయి. "ముందుకి! ముందుకి జరుగు!" అని కింద నుంచి గొంతు చించుకున్నాను. జరగలేదు. దిగి వచ్చాక ముఖం తుడుచుకుంటూ నావైపు చూడలేదు. ఇక దాచడానికేం మిగిలింది?

అమ్మ కుర్చీలోంచి లేచింది. పట్టాల సంగతి ఆమెకు తెలియదు. కొడుకు సంగతి బాగా తెలుసు.

"నువ్వు నిలబడని చోట నన్ను నిలబెడతావురా?"

"అది కాదమ్మా! నీకు చెప్పేవాణ్ణే కదా, మధ్యలోనే నిలబడమని!"

చెప్పేవాడట! అంటే వీడికి తెలుసు. గీత లేదు, దండగ, పాసైంది అని నా మీద విసిరిన మాటలన్నీ తెలిసే విసిరాడు. నేను వెళ్లి ఎర్ర బటన్ మీద గుద్దాను. వాడి వీపు మీద గుద్దాల్సింది దాని మీద పడింది.

"నాకు చెబుతావు సరే. ఆస్పత్రిలో అందరి పక్కనా నిలబడి చెబుతావా?" అంది అమ్మ. చెప్పి, కొంగు బిగించి, ఆగిపోయిన మెషీన్ దగ్గరికి నడిచి, కింది మెట్టు మీద చతికిలపడింది. "అదేదో పట్టా అన్నారే, అది పెట్టేదాకా నేను లేవను. నన్ను కూడా కలిపి ఎత్తుకుపొమ్మను ఆ లారీని."

లారీ డ్రైవర్ రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ వెనక్కి తగ్గాడు. ఫిట్టర్ బాబాయ్ అప్పటికే టేపు పట్టుకుని వంపు దగ్గర కొలతలు మొదలుపెట్టాడు. పట్టా పెడితే పైన మెషీన్ మందం పెరుగుతుంది, ఆస్పత్రి వాళ్లు ఒప్పుకోకపోతే ఆర్డరే పోతుంది. పోనీ.

అన్నయ్య దూరంగా వెళ్లి ఆస్పత్రికి ఫోన్ చేశాడు. "సార్, ఈరోజు పంపలేమండీ... మా అమ్మగారికి ఒంట్లో బాగాలేదు, అందుకని..."

"నాకేం రోగంరా?" అమ్మ గొంతు రేకుల కప్పుకి తగిలి తిరిగొచ్చింది. "ఇలా రా. నా ముందు నిలబడి మాట్లాడు. ఉన్నదున్నట్టు చెప్పు."

వాడు వచ్చాడు. మెట్టు ముందు నిలబడ్డాడు. ఫోన్ మళ్లీ చెవికి ఆనించుకున్నాడు.

"మెట్టు ఒరక్కుండా ఆపే పట్టా ఒకటి ఉంటుంది సార్. అది... అది నేనే తీయించాను" అని గొణిగాడు.

"గట్టిగా చెప్పరా" అంది అమ్మ. "వినపడలేదు."