మేనత్త మొట్టికాయ

పొద్దున్నే కొట్టు షట్టరెత్తి, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపే మేనత్త మొదటి మొట్టికాయ వేసేస్తుంది. కుడిచేతి వేళ్లు మడిచి గాల్లో టక్కున ఒకటి. అది సముద్రాలు దాటి, తను ఎవరిని తలుచుకుందో వాళ్ల నెత్తిన పడుతుంది. వెనకనుంచి వచ్చి మొట్టినట్టు, ఎప్పుడూ కుడివైపునే. ఆ తర్వాత చొక్కా మీద నీళ్లు చిలకరించి, కాలరు పనిలో పడుతుంది.

ఎందుకు మొట్టిందో మాత్రం చచ్చినా చెప్పదు. అందుకని తిన్నవాళ్లు మిగతావాళ్లకి ఫోన్లు చేసుకోవాలి. "నాకు పడింది, నీకూ పడిందా? ఇంతకీ నేనేం చేశానట?" ఆ ఆరాల్లోనే ఎవరింట్లో జ్వరమో, ఎవరి పిల్ల పరీక్ష తప్పిందో అన్నీ బయటికొస్తాయి. ఖండానికొకరుగా చెదిరిపోయిన ఆ చుట్టరికం ఇంకా నిలబడి ఉందంటే ఆ బొప్పుల పుణ్యమే.

మేనకోడలు పళ్ల డాక్టరు. మేనల్లుడు ఇంకో ఖండంలో, ఓడరేవులో క్రేన్ నడుపుతాడు. తోడబుట్టినవాళ్లే గాని ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. తల్లి పోయినప్పుడు అక్క రాలేదు. రాలేకపోయానంటుంది ఆమె, రాదలుచుకోలేదంటాడు వాడు. అప్పట్నుంచీ మాటల్లేవు. అత్త ఇద్దరికీ కలిపి మొట్టినా టోపీ బాబాయి ద్వారానే రాయబారం. ఆయన అత్తకి సొంత తమ్ముడు. మొట్టికాయల భయంతో నిద్రలో కూడా టోపీ తియ్యడు. అయినా తగలాల్సినవి తగులుతూనే ఉంటాయి.

ఒకరోజు ఎవరిదో పన్ను తొలుస్తుండగా అక్కకి పడింది. చెయ్యి జారి ఆ మనిషి నాలుక తెగింది. అదే దెబ్బ తమ్ముడికీ పడింది, క్రేన్‌కి వేలాడుతున్న ఇనప సరుకుపెట్టె ఊగిపోయింది. ఇద్దరూ ఒంటికాలి మీద లేచారు. బాబాయి అందర్నీ ఒకే ఫోన్లో కలిపాడు.

"ఇది మొరటుతనం అత్తా. నా దగ్గరికి ఇంకెవరొస్తారు?" అంది అక్క.

"నా పెట్టె కింద మనుషులు తిరుగుతుంటారు. ఇంకొక్కసారి నామీద చెయ్యి పడిందంటే నువ్వెవరో నేనెవరో!" అన్నాడు తమ్ముడు.

ఏళ్ల తర్వాత ఇద్దరూ ఒక్కమాట మీద నిలబడింది అదొక్కటే.

"చాలా సంతోషం. నా చెయ్యి నా దగ్గరే పెట్టుకుంటాలే. మీ నెత్తులు మీరే చూసుకోండి," అని అత్త ఫోన్ పెట్టేసింది.

మొండివాళ్లు రాజుకన్నా బలవంతులంటారు. అన్నమాట మీదే ఉంది. కోపమొచ్చినప్పుడల్లా ఆ చేత్తో ఇస్త్రీపెట్టెనే గట్టిగా నొక్కేది, ఎవరి బొత్తాలో పగిలేవి. అక్కడ వీళ్లకి నెత్తులు హాయిగా ఉన్నాయి. తిట్టుకోడానికేమీ లేక ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. బాబాయి టోపీ తీసి వంకెకి తగిలించాడు. ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డారో ఎవరికీ తెలీదు. అక్కకి ఆ నిశ్శబ్దం అస్సలు నచ్చలేదు. ఆ సంగతి చెప్పుకుందామంటే ఎవరికి చెప్పుకోవాలి?

ఆ ఏడాది చివర్లో ఒకరోజు, చేతులు కడుక్కుంటుంటే ఆమె నెత్తిన ఏదో తగిలింది. దెబ్బ కూడా కాదు, తట్టినట్టు. ముందు ఒళ్లు మండింది. తర్వాత తడిచెయ్యి తల మీదే ఆగిపోయింది. బాబాయికి చేస్తే ఎత్తలేదు. పళ్లు కొరుక్కుంటూ తమ్ముడికి చేసింది.

"ఎవరూ?" అన్నాడు, ఎవరో తెలిసే.

"నీకు పడిందా?"

"నీతో నాకు మాటల్లేవు."

"మాటలు లేకపోతే పోయె, నెత్తి ఉందిగా! పడిందా లేదా?"

"పడింది. మాట తప్పింది మహాతల్లి."

"ఏ వైపు?"

వాడు తడుముకున్నాడు. "ఎడమ."

"నాకూ అంతే. అత్త ఏనాడైనా ఎడమచేత్తో మొట్టిందా? కుడి చెయ్యి పడిపోయిందిరా! అక్కడ ఎవరున్నారు? ఎవరి నంబరైనా ఉందా నీ దగ్గర?"

"పక్కకొట్టు తాళాలాయనది ఉంది. అప్పుడోసారి అత్త తాళంచెవి పోగొట్టుకున్నప్పుడు…"

"కథలు తర్వాత, ముందు చెయ్యి!"

రాత్రిపూట కొట్టు మూసుకుని పని చేసుకుంటోంది కాబోలు, లోపల గడియ పడి ఉంటే తాళాలాయన షట్టరు విరగ్గొట్టాడు. ఎవరిదో ప్యాంటు పొగలు కక్కుతోంది. బల్లకీ గోడకీ మధ్య అత్త పడి ఉంది, నోరు ఒక పక్కకి లాగేసి. ఎడమచేతి వేళ్లు మాత్రం ఇంకా మడిచే ఉన్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు ఆసుపత్రిలో.

నాలుగు రోజుల తర్వాత తాళాలాయన ఆమె ముఖం ముందు ఫోన్ పట్టుకున్నాడు. తెరమీద అక్కాతమ్ముళ్లు, ఎవరు ముందు బయల్దేరాలో తేలక అప్పటికే కొట్టుకుంటున్నారు. ఈసారైనా వస్తావా అని వాడు, నోరుముయ్యమని ఆమె. అత్తకి మాట రావడం లేదు. చాలాసేపు చూసి, దుప్పటిలోంచి ఎడమచెయ్యి తీసింది.

టక్కుమంది. ఇద్దరూ ఒకేసారి నెత్తి పట్టుకున్నారు.

ఆ సాయంత్రం తమ్ముడే ఫోన్ చేశాడు. "నాకే గట్టిగా పడింది," అన్నాడు, పలకరింపైనా లేకుండా.

"నోర్ముయ్. నాకు బొప్పి కట్టింది," అంది అక్క.