చుక్కాని పట్టినవాఁడు

శరత్కాలాపరాహ్ణమున గౌతమీసాగరసంగమస్థలంబునందు వఱదనీటి యెఱ్ఱదనము విఱిగి సముద్రజలముతోఁ గలసి పచ్చనగుచుండ మడచెట్ల నీడలు బురదమీఁద బొడుగుగా సాగుచుండ విప్పి పఱచిన తెఱచాపలు రేవుగట్టున నాఱుచుండఁగాఁ గోరంగివాస్తవ్యుఁడైన నూకన్న యను వృద్ధనావికుని దశమదినకర్మము ముగిసెను.

నలువదియేండ్లు కోరంగికిని రంగూనునకును నడుమ మహార్ణవతరంగములపైఁ దిరిగి దొంగలతోడను దుపానులతోడను బోరాడితినని పలుమాఱు చెప్పుకొనిన యా నూకన్న వాక్చాతుర్యధురంధరుఁడు. అతఁడు కథ చెప్పుచుండఁగా నన్నము చల్లాఱినను లేచిపోయినవాఁడు లేఁడు.

ఆ నావికులలో నొక యాచారము గలదు. ఓడవాఁడు మరణించినచోఁ బదియవనాఁడు విస్తళ్లు వేయుటకు ముందు సహచరులలో నొకఁడు మృతుఁడు చెప్పిన కథ నాతఁడు చెప్పినట్లే చెప్పవలయును. నడుమ నెవ్వఁడును నోరు మెదపఁగూడదు. ఈ యాచారమే యెరకయ్యకుఁ గంటిలో నలుసయ్యెను.

ఎరకయ్య నూకన్నతోఁ గూడ నొక్క యోడపై జీవితమంతయుఁ గడపిన మితభాషి. ఎడమచేయి మణికట్టుకడ వంకరవోయినవాఁడు. ముప్పదియేండ్లకు ముందు టేకుదుంగలతో మరలివచ్చుచున్న యోడను బ్రళయకాలసదృశమైన తుపాను చుట్టుముట్టఁగా రెండుదినములు చుక్కాని విడువక పట్టి యా చేయి విఱుగఁగొట్టుకొనినవాఁ డెరకయ్య. ఆ రెండుదినములును నూకన్న యోడగర్భమున బియ్యపుబస్తాల నడుమ వాంతులు చేసికొనుచుఁ బొర్లుచుండెను. తీరముఁ జేరిన మూఁడవనాఁడే కథ తలక్రిందులయ్యెను. చుక్కాని పట్టినవాఁడు నూకన్న యయ్యెను. ఎరకయ్య గంజిమీఁదఁ గాలుజాఱి వంటకట్టెలపైఁ బడినవాఁ డయ్యెను. మనుమలు సయితము గంజితాతయని పిలువఁజొచ్చిరి. అడిగినప్పుడెల్ల నూకన్న నవ్వి "నిజం నేనే చెప్తాలేరా ఎరకా, కంగారేంటి?" యనుచు మూఁపును దట్టెడివాఁడు. అట్లు తట్టుచుండఁగానే వానికిఁ గాలము తీఱెను.

పేరయ్య యను మఱియొక సహచరుఁడు గొంతు సవరించుకొని యా తుపానుకథనే యెత్తుకొనఁగా నెరకయ్యకు నరికాలిమంట నెత్తికెక్కెను. ఆచారమా, నీకొక దండమని మనంబునఁ దలఁచి చివాలున లేచెను.

"ఆపరా పేరయ్యా! ఆ రోజు చుక్కాని పట్టింది నేను. నువ్వూ ఆడూ కింద బస్తాల్లో పడున్నారు."

పేరయ్య తెల్లఁబోయెను. "అదేంట్రా అన్యాయం! నూకన్న ఒంటిమీద అలలు ఇరిగిపడుతుంటే ఈ కళ్లతో చూశాను గదరా!"

ఓడగర్భమునఁ గన్నులు మూసికొని పడియున్నవాఁ డలల నెట్లు చూచెను? అయినను బేరయ్య యబద్ధమాడుటలేదు. ముప్పదియేండ్లు విన్నదానిని జూచినదిగా నమ్మినాఁడు. అబద్ధికునితోనైనఁ బోరాడవచ్చునుగాని యిట్టి నమ్మికగలవానితో నేమి చేయుదుమని యెరకయ్య పండ్లు పటపటఁ గొఱికెను. చచ్చినవానిమీఁద నిందలేలయని సభలోఁ బెద్దలు గొణుగుకొనిరి.

అంతట నూకన్న భార్యయగు సత్తెమ్మ గడపకడకు వచ్చి నిలిచెను.

"ఎరకయ్యన్న చెప్పిందే నిజం. మా ఆయన నిద్దట్లో ఎన్నిసార్లు కలవరించాడో నాకు తెలుసు. ఎరకా, చుక్కాని వదలకురా, చచ్చిపోతాంరా అని ఏడిసేవోడు. పగలు ఒప్పుకోడానికి సిగ్గుపడ్డాడు."

పేరయ్య తలవంచుకొనెను. చిరకాలాభిలషితమైన న్యాయము తుదకుఁ జేతికందినందున నెరకయ్య ఱొమ్ము విఱిచి నిలిచెను.

"అయితే నువ్వే చెప్పు ఎరకయ్యా, ఎలా జరిగింది?" అని యొక వృద్ధుఁ డడుగఁగా నందఱును ముందునకు జరిగి కూర్చుండిరి.

ఎరకయ్య నోరు తెఱచెను.

"గాలొచ్చింది. చుక్కాని పట్టుకున్నాను. చెయ్యిరిగింది. వదల్లేదు."

"తర్వాత?"

"తర్వాత... ఒడ్డుకొచ్చాం."

జనులు మఱికొంతసేపు వేచిరి. వెనుకవరుసలో నొకరు దగ్గిరి. ఇంకొకరు విస్తళ్లవైపుఁ జూచిరి. కొండలవలె లేచిన యలలును నఱచేతిలో మూల్గిన కఱ్ఱయు దిక్కులు పగులఁ గూసిన గాలియు వాని యంతరంగంబునఁ జెక్కుచెదరక నిలిచియుండియు నొక్కటియైన నాలుకమీఁదికి రాదయ్యె. ఎంత పెనఁగినను మాట పెగలకపోఁగా వానికిఁ దనమీఁదను జచ్చినవానిమీఁదను బట్టరాని కోపము వచ్చెను.

"ఓరి దరిద్రుడా నూకన్నా! నాది కాజేస్తే కాజేశావు, చెప్పడమన్నా నేర్పి చావకపోయావా!" అని యఱచి యెరకయ్య యందఱియెదుటను సిగ్గువిడిచి యేడ్చెను.

విస్తళ్లు వేసిరి. సాహసము చేసిన హస్తంబు సభామధ్యంబున నుండియుఁ జెప్పనేర్చిన జిహ్వ లేమిఁజేసి యా తుపాను కోరంగిలో నాఁడు మొదలుగా మఱియెవ్వరికిని వినఁబడకపోయెను.